తర్కమే గురువుగా: గిడుగు రామమూర్తి పంతులుగారి జీవితం

ప్రతి సంవత్సరం వేసవి సమీపించేసరికి శ్రీకాకుళం, విజయనగరం పట్టణాలలోని విద్యార్థులు ప్రవేశ పరీక్షల పుస్తకాలు చేతపడతారు. అందులో లెక్కలు, శాస్త్రాలు, ఇంగ్లీషు ఒక ఎత్తు. లాజికల్ రీజనింగ్ అనే భాగం మరొక ఎత్తు. ఒక అంకెల వరుస ఇచ్చి తరువాత రావలసిన అంకె ఏదని అడుగుతారు. ఒక మాటను సంకేతంలో వ్రాసి చూపి, దానిని విప్పమంటారు. రెండు వాక్యాలు ఇచ్చి వాటినుండి ఏ నిర్ణయం సిద్ధిస్తుందో చెప్పమంటారు. ఇచ్చిన ఆధారాలు సమాధానానికి చాలునా, చాలవా అని ప్రశ్నిస్తారు. వీటికి వల్లె వేయదగిన పాఠం ఏదీ లేదు. అందువల్లనే చరిత్రలో తేదీలు, శాస్త్రంలో సూత్రాలు కంఠస్థం చేసిన విద్యార్థి సైతం ఈ ప్రశ్నల ముందు తడబడుతూ ఉంటాడు.

ఇటువంటి ప్రశ్నలను కాగితం మీద గాక జీవితంలోనే ఎదుర్కొని, ఎదుట గురువు లేకపోయినా తన వివేచననే గురువుగా చేసుకొని విజయం సాధించిన మహనీయుడు ఒకరు మన వంశధార తీరానే జన్మించారు. ఆయనే గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు. వ్యావహారిక భాషోద్యమ నాయకునిగా ఆయనను తెలుగు దేశమంతా ఎరుగును. ఆయన జన్మదినమైన ఆగస్టు 29వ తేదీని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నాము. కాని ఆ ఉద్యమానికి వెనుక నిలిచిన ఆలోచనా పద్ధతిని గమనించేవారు తక్కువ. పరీక్షలకు కూర్చొనే విద్యార్థికి ఆయన జీవితంలో ముఖ్యంగా కావలసినది ఆ పద్ధతియే.

బాల్యము, విద్య

రామమూర్తిగారు 1863 ఆగస్టు 29వ తేదీన శ్రీముఖలింగ క్షేత్రానికి సమీపంలోని పర్వతాలపేట గ్రామంలో జన్మించారు. తండ్రి వీర్రాజుగారు పర్లాకిమిడి సంస్థానంలో రెవెన్యూ ఉద్యోగి. తల్లి వెంకమ్మగారు. తండ్రిగారికి తరువాత విశాఖపట్టణం జిల్లా చోడవరానికి బదిలీ అయినది. అక్కడ 1875లో విషజ్వరం సోకి ఆయన మరణించారు. అప్పటికి రామమూర్తిగారి వయస్సు పన్నెండేండ్లు మాత్రమే.

తండ్రి నీడ తొలగిన ఆ బాలుడు విజయనగరంలో మేనమామగారి ఇంట ఉండి మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో చదువుకున్నాడు. ఆ పాఠశాలలో ఆయనకు సహాధ్యాయి గురజాడ అప్పారావుగారు. ఒకే బల్లల మీద కూర్చున్న ఆ ఇద్దరు బాలురు మూడు దశాబ్దాల తరువాత తెలుగు భాషా చరిత్రనే మలుపు తిప్పుతారని ఆనాడు ఊహించినవారు ఉండరు.

1879లో రామమూర్తిగారు మెట్రిక్యులేషన్ పరీక్షలో ఉత్తీర్ణులయ్యారు. ఆ రోజులలో మెట్రిక్యులేషన్ అంటే 1857లో స్థాపితమైన మద్రాసు విశ్వవిద్యాలయంలో ప్రవేశానికి పెట్టిన పరీక్ష. ఆ విధంగా అది కూడా ఒక ప్రవేశ పరీక్షయే. దానిని దాటినవానికి కళాశాల తలుపు తెరుచుకొనేది. రామమూర్తిగారి విషయంలో తలుపు తెరుచుకున్నది గాని, లోపలికి పోవడానికి ఇంటి పరిస్థితి అనుకూలించలేదు. ఆ సంవత్సరమే ఆయనకు వివాహమైనది. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ముప్పది రూపాయల జీతం మీద ఉపాధ్యాయునిగా చేరారు.

ఉద్యోగం దొరికినంత మాత్రాన చదువు ముగిసినదని ఆయన భావించలేదు. పగలు పిల్లలకు పాఠాలు చెప్పుతూ, కళాశాల ముఖం చూడకుండా ప్రైవేటుగా చదివి 1886లో ఎఫ్.ఏ. పూర్తి చేశారు. సంస్కృతాన్ని ఇంటివద్ద స్వయంగా అభ్యసించారు. పందొమ్మిదవ శతాబ్ది చివరి దశకంలో చరిత్ర ప్రధాన విషయంగా బి.ఏ. పట్టం పొందారు. చరిత్రలో మొదటి తరగతిలో, మద్రాసు రాజధాని మొత్తం మీద రెండవ స్థానంలో నిలిచారు. పట్టణంలోని కళాశాలల్లో పేరుమోసిన ఆచార్యుల వద్ద చదివిన అభ్యర్థుల నడుమ, మారుమూల సంస్థానంలోని ఒక బడిపంతులు సాధించిన ఫలితమది.

శాసనాలు నేర్పిన పాఠం

చరిత్ర అధ్యాపకుడైన రామమూర్తిగారికి గ్రంథాలయం అందుబాటులో లేదు గాని ముఖలింగం ఉన్నది. అక్కడ మధుకేశ్వర, సోమేశ్వర, భీమేశ్వర ఆలయాలున్నాయి. వాటి గోడల మీద, స్తంభాల మీద తూర్పు గాంగరాజుల కాలం నాటి శాసనాలున్నాయి. ఆ లిపి నేటి తెలుగు లిపి కాదు. దానిని చదవడం నేర్పేవారు ఆ దగ్గరలో లేరు. ఆయన తనకు తానుగా ఆ లిపిని సాధించారు.

తెలియని లిపిని సాధించడం ఎట్లాగో ఒకసారి ఆలోచించండి. నేటి ప్రవేశ పరీక్షలలో కోడింగ్, డీకోడింగ్ అనే పేరుతో వచ్చే ప్రశ్న సరిగా ఇటువంటిదే. శాసనాలకు ఒక అలవాటు ఉన్నది. అవి సాధారణంగా శుభవాచకంతో మొదలవుతాయి. శక సంవత్సరాన్ని చెప్పుతాయి. రాజు బిరుదులను వరుసగా పేర్కొంటాయి. దాత పేరు, దానం వివరం చెప్పి ముగుస్తాయి. ఏ చోట ఏ మాట రాదగునో తెలిసినప్పుడు, ఆ మాటలోని అక్షరాలను బట్టి అక్కడి గుర్తుల విలువ ఊహించవచ్చు. ఊహించిన విలువను మరొక పంక్తిలో అదే గుర్తు వచ్చిన చోట పెట్టి చూడాలి. అక్కడ కూడా అర్థవంతమైన మాట ఏర్పడితే ఊహ నిలిచినట్లు. ఏర్పడకపోతే ఊహను విడిచిపెట్టి మళ్ళీ మొదటికి రావాలి. ఊహించడం, పరీక్షించడం, పొసగనిదానిని మొహమాటం లేకుండా విడిచిపెట్టడం అనే మూడు మెట్లలోనే తర్కబుద్ధి అంతా ఇమిడి ఉన్నది. మనలో చాలామంది మొదటి మెట్టు ఎక్కగలరు. రెండవ మెట్టు వద్ద తొందరపడతారు. మూడవదాని వద్ద అభిమానం అడ్డువస్తుంది.

ఈ శాసన పరిజ్ఞానం వల్ల ఆయన చరిత్రలో ఒక ముఖ్యమైన చిక్కు విప్పారు. గాంగరాజుల తామ్రశాసనాలలో వారి రాజధాని కళింగనగరమని ఉన్నది. ఆ నగరం ఎక్కడిది? వంశధార సముద్రంలో కలిసేచోట కళింగపట్నం ఉన్నది. పేరులోని పోలికను పట్టి కొందరు పండితులు అదే కళింగనగరమన్నారు. రామమూర్తిగారు అందుకు సమ్మతించలేదు. ముఖలింగంలోని శాసనాలు, అక్కడి ఆలయాలు, చుట్టుపట్ల కనిపించే శిథిలాలు కలిపి చూసి, ప్రాచీన కళింగనగరం ముఖలింగ ప్రాంతమే అని ప్రతిపాదించారు. ఆయన పరిష్కరించిన నడగాం తామ్రశాసనం భారత ప్రభుత్వ పురావస్తు శాఖవారి ఎపిగ్రాఫియా ఇండికా నాలుగవ సంపుటంలో ప్రకటితమైనది. అది వజ్రహస్తుని కాలం నాటిది; శక సంవత్సరం 979, అనగా క్రీస్తు శకం 1057. కళింగనగరం విషయంలో ఆయన చేసిన నిర్ణయమే తరువాతి చరిత్రకారులలో అధిక సంఖ్యాకుల ఆమోదం పొందినది.

ఇచ్చిన సమాచారం చాలునా అని పరీక్షలో అడిగే ప్రశ్న గుర్తుకు తెచ్చుకోండి. పేరులో పోలిక ఒక సూచన మాత్రమే, నిర్ణయానికి అది చాలదు. ఈ భేదం గ్రహించిన ఒక పాఠశాల ఉపాధ్యాయుడు పెద్ద పండితుల అభిప్రాయానికి ఎదురు నిలువగలిగాడు.

సవరల భాష

పర్లాకిమిడికి చుట్టూ ఉన్న కొండలలో సవరలు నివసిస్తారు. వారు సంతకు వచ్చినప్పుడు వారి భాష పట్టణవాసులకు తెలియదు. వారికి పట్టణపు భాష తెలియదు. భాష తెలియనివానికి లెక్కలో, పత్రంలో, కచేరీలో జరిగే అన్యాయం ఎటువంటిదో చెప్పనక్కరలేదు. వారి భాషను నేర్చుకొని, వారికి ఆ భాషలోనే చదువు చెప్పాలని రామమూర్తిగారు 1892-93 ప్రాంతంలో సంకల్పించారు.

ఆ భాషకు లిపి లేదు, వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు. అది తెలుగుతోగాని ఒడియాతోగాని సంబంధం లేని ముండా కుటుంబానికి చెందిన భాష. తెలుగు, సవర రెండూ వచ్చిన ఒక మనిషిని ఆయన తన ఇంటనే ఉంచుకొని భాషాభ్యాసం ప్రారంభించారు. వినడం, వ్రాసుకోవడం, వ్రాసుకున్నవాటిని పోల్చి చూడడం, పోలికలనుండి నియమం తీయడం, ఆ నియమం ప్రకారం కొత్త వాక్యం తయారుచేసి సవరలకు అర్థమవుతుందో లేదో చూడడం తప్ప ఈ పనికి వేరొక దారి లేదు.

దీనిలోని కష్టమూ, ఆనందమూ తెలియడానికి సవరల లెక్కింపును ఒక ఉదాహరణగా తీసుకొందాము. సవర భాషలో ఒకటి మొదలు పన్నెండు వరకు ఒక్కొక్క అంకెకు ఒక్కొక్క మాట ఉన్నది. పదమూడు దగ్గర ఏమవుతుంది? తెలుగు, ఇంగ్లీషు తెలిసినవాడు పది, మూడు అనే మాటల కలయికను ఎదురుచూస్తాడు. కాని సవర భాషలో పదమూడు అంటే పన్నెండు, ఒకటి. పంతొమ్మిది అంటే పన్నెండు, ఏడు. ఇంతవరకు విన్న విద్యార్థి, సరే, వీరికి పన్నెండే ప్రమాణమని తీర్మానించి, ఇరవై అంటే పన్నెండు, ఎనిమిది అయి ఉండాలని చెప్పుతాడు. ఆ తీర్మానం అక్కడే విరిగిపోతుంది. ఇరవైకి వేరే మాట ఉన్నది. ముప్పది అంటే ఇరవై, పది. ముప్పది రెండు అంటే ఇరవై, పన్నెండు. ముప్పది మూడు అంటే ఇరవై, పన్నెండు, ఒకటి. నలభై అంటే రెండు ఇరవైలు. ఇప్పుడు నియమం తేటపడుతుంది: పెద్ద కొలత ఇరవై; ఆ ఇరవై లోపల చిన్న కొలత పన్నెండు.

ఇది తెలిసిన తరువాత యాభై మూడును సవరలు ఎట్లా చెప్పాలో చదువరి తానే కట్టి చూడవచ్చు. రెండు ఇరవైలు నలభై. మిగిలిన పదమూడు పన్నెండు, ఒకటి. కావున రెండు ఇరవైలు, పన్నెండు, ఒకటి. పరీక్షలలో వచ్చే అంకెల వరుస ప్రశ్నలు నిష్ప్రయోజనమని విసుగుకొనేవారు దీనిని గమనించాలి. మన కొండలలోని జనం వందల ఏండ్లుగా సంతలలో వాడుతూ వచ్చిన లెక్క అది. దానిని మోటు లెక్క అని నవ్వి పోయేవానికి ఏమీ తెలియలేదు. నియమం వెతికినవానికి ఒక జాతి ఆలోచనా విధానమే తెలిసినది.

భాషలో అంతకంటె కఠినమైన చిక్కులున్నాయి. తెలుగులో రెండు, మూడు మాటలుగా చెప్పే భావం సవరలో ఒకే క్రియాపదంలో ఇమిడిపోతుంది. తెలుగు లిపిలో వ్రాయరాని ధ్వనులు, కంఠాన్ని క్షణకాలం బిగించి పలికేవి, దానిలో ఉన్నాయి. వాటిని గుర్తించడానికి రామమూర్తిగారు పాశ్చాత్యుల ధ్వనిశాస్త్ర గ్రంథాలు తెప్పించి చదివారు. మొదట తెలుగు లిపిలో సవర పుస్తకాలు తయారుచేసినవారు, ఆ లిపి చాలదని తేలిన తరువాత ధ్వనిశాస్త్రజ్ఞులు వాడే లిపిని అవలంబించారు. తన మొదటి పద్ధతిని తానే మార్చుకొనడానికి ఆయన సంకోచించలేదు.

సొంత డబ్బుతో సవర పిల్లలకు బడులు పెట్టించి, ఉపాధ్యాయులకు జీతాలిచ్చారు. కొండలలో తిరగడం వల్ల మలేరియా జ్వరం పట్టుకొన్నది. దానికి విపరీతంగా వాడిన క్వినైను వల్ల ఆయన వినికిడి దెబ్బతిన్నది. ధ్వనులను చెవితో పట్టి నియమాలు తీయవలసిన మనిషికి చెవి పోవడం కంటె మించిన నష్టం ఏముండును? అయినప్పటికీ ఆ పనిని ఆయన విడువలేదు. కుమారులు గిడుగు వెంకట సీతాపతిగారు ఈ కృషిలో తోడు నిలిచారు. మద్రాసు ప్రభుత్వం ఆయనకు 1913లో రావు బహదూర్ బిరుదునిచ్చినది. 1931లో సవర వ్యాకరణాన్ని, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువును ప్రభుత్వమే అచ్చువేయించినది. సంకల్పానికి, ఆ నిఘంటువు ముద్రణకు మధ్య నలభై అయిదు సంవత్సరాలు గడిచాయి.

పరీక్ష ఏ భాషలో?

రామమూర్తిగారి జీవితంలో అందరూ ఎరిగిన ఘట్టం వ్యావహారిక భాషోద్యమం. అది ఒక సాహిత్య చర్చగా పేరుపొందినది గాని, దాని పుట్టుక బడిలోను, పెరుగుదల పరీక్షలోను ఉన్నది.

జె.ఏ. యేట్స్ అనే ఇంగ్లీషు దొర 1906-07 ప్రాంతంలో ఉత్తర కోస్తా జిల్లాలకు పాఠశాలల తనిఖీ అధికారిగా వచ్చారు. ఉపాధ్యాయులు మాట్లాడే తెలుగుకూ, పుస్తకంలోని తెలుగుకూ ఇంత దూరం ఎందుకున్నదని ఆయనకు సందేహం కలిగినది. విశాఖపట్టణం మిసెస్ ఏ.వి.ఎన్. కళాశాల ప్రధానాధ్యాపకులు పి.టి. శ్రీనివాస అయ్యంగారు, గురజాడ, గిడుగు ఈ ప్రశ్నను కలిసి చేపట్టారు. 1911లో రామమూర్తిగారు ముప్పది ఏండ్ల ఉద్యోగాన్ని స్వచ్ఛందంగా విరమించి, పూర్తికాలం ఈ పనికే అంకితమయ్యారు.

1912-13లో స్కూలు ఫైనలు విద్యార్థులు వ్యాసాన్ని కావ్యభాషలోగాని, ఆధునిక భాషలోగాని వ్రాయవచ్చునని ఉత్తర్వు వచ్చినది. దానిమీద జయంతి రామయ్య పంతులుగారు మొదలైన పండితులు తీవ్రంగా ఆందోళన సాగించారు. విశ్వవిద్యాలయం నియమించిన సంఘంలో గురజాడవారు 1914లో తమ అసమ్మతి పత్రాన్ని సమర్పించారు. అయినను వ్యావహారిక పక్షం ఓడినది. 1915 నవంబరు 30వ తేదీన గురజాడవారు మరణించారు. మిగిలిన భారం రామమూర్తిగారి మీద పడినది.

ఈ వాదంలో ఆయన అనుసరించిన తర్కం చూడదగినది. పూర్వకవులు వ్యాకరణ విరుద్ధమైన రూపాలు వాడలేదని పండితుల మాట. ఎవ్వరూ, ఎన్నడూ అనే మాటలున్న వాక్యాన్ని ఖండించడానికి వంద ఉపన్యాసాలు అక్కరలేదు. ఒక్క విరుద్ధోదాహరణ చాలును. రామమూర్తిగారు ఒకటితో తృప్తిపడక కావ్యాలను గాలించి ఉదాహరణల రాశి పోశారు. ఆ కృషి ఫలితమే బాలకవి శరణ్యం. పూర్వం వచనం వాడుక భాషకు దూరంగానే ఉండేదన్నవారికి సమాధానంగా పాత వచన రచనలనుండి గద్యచింతామణిని కూర్చారు. గ్రాంథికాన్ని సమర్థించే పండితులు తామైనా దానిని తప్పు లేకుండా వ్రాస్తున్నారా అని వారి రచనలనే పరీక్షించి ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం వ్రాశారు.

మరొక వాదం ఉన్నది. వాడుక భాష జిల్లాకొక రీతిగా ఉంటుంది, కాబట్టి అది వ్రాతకు పనికిరాదని కొందరన్నారు. ఇక్కడ మొదటి మాట నిజమే. శ్రీకాకుళం మాట వేరు, కడప మాట వేరు. కాని దానినుండి రెండవ మాట సిద్ధించదు. వేర్వేరు జిల్లాల విద్యావంతులు కలుసుకొన్నప్పుడు ఒకరి మాట ఒకరికి తెలుస్తూనే ఉన్నది. ఆ శిష్టుల వాడుకయే వ్రాతకు ఆధారం కావచ్చును. మొదటి వాక్యం నిజమైనంత మాత్రాన తరువాతి నిర్ణయం నిజం కానక్కరలేదన్న పాఠం రీజనింగ్ ప్రశ్నలలో విద్యార్థులు తరచుగా మరిచేదే.

ఇంతకూ పరీక్షకు కూర్చున్న పిల్లవాని మాట ఏమి? వాని తలలో ఆలోచన వాని వాడుక మాటలలో పుట్టినది. దానిని ఎన్నడూ నోట పలకని రూపాలలోనికి మార్చి వ్రాయాలి. మార్చడంలో జరిగిన పొరపాటుకు మార్కులు పోతాయి. అప్పుడు పరీక్షించబడేది వాని వివేచన కాదు, ఆ రూపాలు వల్లె వేయగలిగే తీరిక వాని ఇంట ఉన్నదా లేదా అన్నది. పండితుల ఇంట పుట్టినవానికి అది ఉన్నది. రైతు బిడ్డకు, సవర బిడ్డకు, ఇంట మరొక భాష మాట్లాడే బిడ్డకు అది లేదు. ఈ అన్యాయమే రామమూర్తిగారిని వృద్ధాప్యం వరకు నిలువనీయకుండా తిప్పినది.

ఉర్దూ, తెలుగు రెండూ వినిపించే మన కళాశాలలో ఒక సంగతి తలచుకొనడం ఉచితం. శ్రీకాకుళం కుతుబ్‌షాహీల కాలంనుండి ఫౌజుదారుల కేంద్రం. అక్కడి జామియా మసీదు 1641లో షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించినది. ఆ పరిపాలన ద్వారా ఎన్నో మాటలు తెలుగులో కలిసిపోయాయి. తహసీలు, జమాబందీ, కచేరీ, దస్తావేజు, రసీదు ఇవన్నీ రామమూర్తిగారి తండ్రివంటి రెవెన్యూ ఉద్యోగుల నోట నిత్యం నలిగినవే. అంతేకాదు, పరీక్షకు హాజరు అన్న మాటలోని హాజరు, సవాలు, జవాబు కూడా ఆ దారిన వచ్చినవే. వ్యాకరణం వీటిని అన్యదేశ్యాలని వేరుగా కూర్చోబెట్టినది. జనం వీటిని ఇంటి మాటలుగా చేసుకొన్నారు. వాడుకయే ప్రమాణమన్న రామమూర్తిగారి సిద్ధాంతంలో ఈ మాటలకూ సమానమైన చోటు ఉన్నది.

చివరి సంవత్సరాలు

1919 ఫిబ్రవరిలో రాజమహేంద్రవరంలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడినది. దానికి కందుకూరి వీరేశలింగం పంతులుగారు అధ్యక్షులు. ఒకప్పుడు గ్రాంథికంలో వ్రాసిన ఆ పెద్దలు వాదంలోని బలాన్ని చూసి తమ అభిప్రాయం మార్చుకొనడం విశేషం. ఆ సంవత్సరమే రామమూర్తిగారు తెలుగు అనే పత్రికను నడిపారు. 1925లో తణుకులో జరిగిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు సభలో, ప్రతిపక్షుల ఎదుట, గంటల తరబడి ప్రసంగించి తమ వాదాన్ని ప్రమాణాలతో నిరూపించారు. కైజర్-ఇ-హింద్ పతకం కూడా ఆయనను వరించినది.

1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరినది. అర్ధశతాబ్దికి పైగా నివసించిన ఊరిని విడిచి, డెబ్బది రెండేండ్ల వయస్సులో ఆయన రాజమహేంద్రవరానికి తరలిపోయారు. 1940 జనవరిలో, మరణానికి కొద్ది దినాల ముందు, పత్రికా సంపాదకులను ఉద్దేశించి వాడుక భాషను వదలవద్దని చివరి విజ్ఞప్తి చేశారు. జనవరి 22వ తేదీన కన్నుమూశారు. పరీక్షల్లో వాడుక భాషకు పూర్తిగా తలుపులు తెరుచుకొనడాన్ని ఆయన చూడలేదు. స్వాతంత్ర్యానంతరం కొన్ని దశాబ్దాలలో పాఠ్యపుస్తకాలు, పరీక్షలు, సిద్ధాంత గ్రంథాలు అన్నీ ఆ భాషలోనికే వచ్చాయి.

నేటి విద్యార్థికి

నేడు నీట్, జె.ఇ.ఇ. మెయిన్, కేంద్ర విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష అయిన సి.యు.ఇ.టి. ప్రశ్నపత్రాలు తెలుగులోను, ఉర్దూలోను కూడా లభిస్తున్నాయి. 2019లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం మన విజయనగరంలోనే ఉన్నది. గిడుగువారు ఎవరి కొరకు చెవులు పోగొట్టుకొన్నారో ఆ సవరల మనుమల మనుమలు అక్కడ చేరడానికి ప్రవేశ పరీక్ష వ్రాస్తున్నారు. ఇది ఆయన కన్న కలలో ఒక భాగమే.

అందుచేత రీజనింగ్ పుస్తకం తెరిచిన విద్యార్థి మొదట అందులోని సూత్రాలను వల్లించబోకుండా, ప్రశ్నను తన ఇంటి భాషలో తనకు తాను చెప్పుకొని చూడాలి. ఇచ్చినదేమిటి, అడిగినదేమిటి అని విడదీయాలి. ఒక నియమం తోచినప్పుడు దానిని మొదటి రెండు అంకెలతో కాక చివరి అంకె వరకు పరీక్షించాలి. సవరల లెక్కలో ఇరవై దగ్గర ఏమి జరిగినదో మరువరాదు. అన్నీ, ఏదీ, కొన్ని అనే మాటలున్న వాక్యాల వద్ద నిలిచి, విరుద్ధోదాహరణ వెతకాలి. సమాధానం తప్పినప్పుడు పుస్తకం చివరనున్న జవాబును చూసి సరిపెట్టుకొనక, తన ఊహ ఏ మెట్టు వద్ద విరిగినదో కనుగొనాలి. ఒక రోజుకు యాభై ప్రశ్నలు పైపైన చేయడం కంటె పది ప్రశ్నలు ఈ విధంగా చేయడం మేలు.

కోచింగ్ కేంద్రానికి ఫీజు కట్టలేని పిల్లలు మన ప్రాంతంలో చాలామంది ఉన్నారు. వారికి గిడుగువారి జీవితం ఒక ధైర్యం. పన్నెండవ ఏట తండ్రిని పోగొట్టుకొని, కళాశాల గడప తొక్కకుండా పట్టం పొందినవాని వద్ద ఉన్న సాధనం డబ్బుతో కొనేది కాదు. అది పరీక్ష ముగిసిన తరువాత కూడా విద్యార్థి వెంట ఉంటుంది.